జీతం కోసమే వచ్చానంది

చెరకు కొట్టేశాక తోటల్లో మిగిలిన ఆకు తగలబెడుతున్నారు. తలుపులన్నీ మూసినా ఆ కమురు వాసన ఉయ్యూరులోని మా బ్యూటీ పార్లర్‌లోకి వస్తూనే ఉంది. ఈ వాసన తగిలినప్పుడల్లా కంకిపాడులో నాకు ఈ పని నేర్పిన విజయకుమారి గారు గుర్తొస్తారు.

ఆవిడ ఎవరినీ, దేన్నీ తొందరగా నమ్మేవారు కాదు. కొత్త క్రీము డబ్బా వస్తే వాసన చూసి, తన చేతికి రాసుకుని చూశాకే కస్టమరు ముఖానికి పెట్టనిచ్చేవారు. అలాంటి మనిషి లిల్లీని పనిలో పెట్టుకోవడం నాకు వింతగా తోచింది. లిల్లీది ఎక్కడో ఈశాన్య కొండల్లో ఊరు. ఎందుకొచ్చావని ఎవరడిగినా "జీతం కోసం" అనేది, పాఠం అప్పజెప్పినట్టు. జీతం దగ్గర గట్టిగానే బేరమాడింది కూడా. కానీ ఇంటికి ఫోన్ చేయదు. పండక్కి సెలవడగదు. మేమిద్దరం ఉండే అద్దె గదిలో చెప్పులు తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేది. వాళ్ల ఊళ్లో ఏం చేసి వచ్చిందోనని నాకు గుబులు.

"ఏదో దాస్తోందండీ" అన్నాను విజయకుమారి గారితో.

"నాకూ అనుమానంగానే ఉంది. చూద్దాం."

ఒక మధ్యాహ్నం రోడ్డవతల చేలో ఆకుకు నిప్పు పెట్టారు. పొగ కిటికీ దాకా వచ్చింది. జుట్టుకు రంగు వేస్తున్న లిల్లీ బ్రష్ వదిలేసి, కుర్చీలో ఉన్నావిడ చెయ్యి పట్టుకుని పెరటి వైపు లాక్కుపోయింది. ఆవిడ ఒకటే కేకలు. విజయకుమారి గారు ఆవిడకు సర్దిచెప్పి పంపి, లిల్లీని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు.

"మీ ఊళ్లో ఇల్లుందామ్మా?"

"ఉండేది. కాల్చారు. ఊరంతా కాల్చారు." గ్లాసు కింద పెట్టి మళ్లీ అంది. "పారిపోయి వచ్చా అంటే రూమ్ ఇవ్వరు మేడమ్. జీతం కోసం అంటే ఇస్తారు."

నాకింకా అనుమానం తీరలేదు. సాయంత్రం లిల్లీ లేనప్పుడు అడిగాను. "ప్రాణభయంతో వచ్చిన మనిషి అంత బేరమాడుద్దా అండీ?"

"ప్రాణం దక్కాక ఆకలెయ్యదా? నువ్వూ జీతానికే వచ్చావుగా. నా మీద కోపమొస్తే మైలవరం బస్సెక్కి మీ అమ్మ దగ్గరికి పోతావు. ఆ పిల్ల ఏ బస్సెక్కుద్ది?"

మర్నాడు మా ఇంటి ఓనరు ఆ గొడవ విని ఆరా తీయడానికి వచ్చాడు. "జీతానికొచ్చిన పిల్లండీ. పొగ పడదు, అంతే" అన్నారు విజయకుమారి గారు, కళ్లార్పకుండా. ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

తర్వాత లిల్లీ, పారిపోయేటప్పుడు తప్పిపోయిన చెల్లెలు గువాహటిలో ఉందని తెలిసి, అక్కడికి వెళ్లిపోయింది. విజయకుమారి గారు కిందటేడు పోయారు.

ఇప్పుడు నా దగ్గరికీ దూరాల నుంచి అమ్మాయిలు పనికి వస్తుంటారు. నేనూ ఎవరినీ తొందరగా నమ్మను. ఆధార్ అడుగుతాను, చేతిపని చూస్తాను. అయితే వాళ్లకు గది వెతకడానికి మాత్రం నేనే వెంట వెళతాను. ఎందుకొచ్చావన్న ప్రశ్న ఇంటి ఓనరు నోట్లోంచి రాకముందే "జీతానికొచ్చిన పిల్లండీ" అని చెప్పేస్తాను. ఆ ప్రశ్నను పిల్ల దాకా పోనివ్వను.