సువార్తక్క ఎడమ చెవి

ఈ సాయంత్రం మా పై ఫ్లాట్‌లో ఎవరో హోమ్ థియేటర్ బిగించారు. పాట కాదు, మాట కాదు, కుళాయిలో నీళ్లకు ముందు గాలి వచ్చినట్టు ‘స్‌స్‌స్’ మని ఒక చప్పుడు. మొదట మా టీవీ గోడ వైపు, తర్వాత కిటికీ వైపు, తర్వాత నా వెనక మూల. స్పీకర్లన్నీ వాటి వాటి చోట పలుకుతున్నాయో లేదో చూసే పరీక్ష అది. ఒళ్లో ఉన్న మా పాప ఉలిక్కిపడి ఏడ్చింది. నేను మాత్రం పాపను భుజాన వేసుకుని, ఆ చప్పుడు గది చుట్టూ తిరిగి ఆగిపోయేదాకా నిలబడి విన్నాను.

పాప పుట్టి మూడు నెలలు కాలేదు. మావారి ఉద్యోగం విజయవాడలో, ఆదివారాలు వచ్చి వెళతారు. ఎల్బీనగర్‌లో ఈ కిరాయి ఇంట్లో మిగిలింది పాపా నేనే. ఆయన రోజూ ఫోన్ చేసి, “తల్లీకూతుళ్లేం చేస్తున్నారు? అంతా బాగానే ఉంది కదా?” అంటారు. “ఆ, మంచిగనే ఉన్నం” అంటాను. పాప ఏడిస్తే ఎందుకేడుస్తుందో నాకు తెలియదనీ, ఏడవకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంటాననీ చెప్పను. ఒక తల్లికి ఇంతమాత్రం చేతకాదా అంటారేమోనని భయం. ఇలా లోపల ఒకటి దాచుకుని పైకి నవ్వుతూ తిరగడాన్ని నేను మొదట చూసింది సువార్తక్కలో.

డిగ్రీ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులోని స్పీకర్ల దుకాణంలో బిల్లులు రాసే పని దొరికింది. దుకాణం సువార్తక్కదే. నల్లగొండ వైపు పల్లెలో చర్చి కూటాలకు మైకు సెట్లు కట్టిన అనుభవంతో సిటీకి వచ్చి, ఒక్కతే నిలదొక్కుకున్న మనిషి. చేరిన మొదటి రోజే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. “చప్పుడు యాడికెళ్లి ఒస్తుంది?” అని అడిగింది. ఎవరేమడిగినా ముందు ఎదుటివాళ్ల ముఖం చూసి, వాళ్లకు నచ్చేదేదో వెతుక్కుని జవాబు చెప్పే అలవాటు నాది. కళ్లు మూసుకుంటే ముఖాలు లేవు. వెనక కుడివైపు అన్నాను. ముందు ఎడమ అన్నాను. అన్నీ సరిపోయాయి.

“బిల్లులు ఎవలైన రాస్తరు. నువ్వు నాతోటి ఇండ్లకు రావాలె” అంది. షట్టర్ సగం దించాక అసలు సంగతి చెప్పింది. “నాకు ఎడమ చెవి పోయింది. ఒక్క చెవికి చప్పుడైతే వినపడ్తది గని, ఏ దిక్కుకెళ్లి ఒస్తుందో దొరుకది. గీ ముచ్చట బయట పడ్డదనుకో, నన్నెవ్వలు పిలుస్తరు?”

ఆ రోజు నుంచి నా చున్నీ మాకు సైగ అయింది. చప్పుడు ఎడమ నుంచి వస్తే ఎడమ భుజం మీద సర్దుకునేదాన్ని, కుడి నుంచి వస్తే కుడి భుజం మీద. అక్క ఓరకంట చూసి, తానే విన్నట్టు తల ఆడించేది.

మూసారాంబాగ్‌లో ఒక ఇంటికి వెళితే, అయిదు స్పీకర్లనూ షోకేసులో బొమ్మల పక్కన వరసగా పెట్టి, వాటికి అల్లిక గుడ్డలు కూడా కప్పి ఉంచారు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. “అమ్మా, ఇవి చూసుకునేటియి కావు, వినేటియి. రెండైతే మీ ఎనకాల ఉండాలె.”

“ఎనకాల పెడితే ఇంటికొచ్చినోళ్లకు ఎట్ల కనపడ్తయి బిడ్డా? ఉత్తగ కొన్నమా?” అంది ఆ ఇంటి పెద్దావిడ.

అక్క పద్ధతి ఒకటుంది. మేకు కొట్టకముందు ఇంట్లో వాళ్లందరినీ రోజూ టీవీ చూసే చోటే కూర్చోమనేది. ఆ రోజు అందరూ కూర్చున్నాక కోడలు ఒక్కతే వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. “నేను గీడ నిలవడే చూస్తనక్కా” అందామె. అక్క వెనక స్పీకరును కాస్త గుమ్మం వైపు తిప్పి బిగించింది.

తర్వాత ఒకసారి ఎల్బీనగర్‌లో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింటికి వెళ్లాం. అంతా బిగించి పరీక్ష పెట్టాం. ఆయన సరిగ్గా నాకూ అక్కకూ మధ్యలో నిలబడ్డారు. నా చున్నీ ఆమెకు కనిపించలేదు.

“మంచిగొస్తుంది సార్” అంది అక్క.

“ఎక్కడొస్తోందమ్మా? తెర మీద ఎడమ అని చూపిస్తుంటే కుడి వైపు మోగుతోంది!”

వెనక స్పీకర్ల తీగలు తారుమారయ్యాయి. అక్క మెడ చాచి నన్ను వెతికింది. చివరికి తన చేతిలోని రిమోట్ బల్ల మీద పెట్టింది. “సార్, నాకు ఎడమ చెవి పనిచెయ్యది. దిక్కు నాకు తెల్వది. ఈ పిల్ల చెప్పిందే నిజం. ఆమెను అడుగుండ్రి.”

వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “చెవిటావిడ సౌండు పెట్టడమేమిటండీ, చోద్యం కాకపోతే!”

“షుగరున్నోడు మిఠాయి దుకాణం నడుపుతలేడా అమ్మా? గట్లనే!” అంది అక్క. లెక్చరర్ గారు ముందుగా నవ్వారు. నేను దిక్కు చెబుతుంటే అక్క తీగలు మార్చింది.

తిరుగు ఆటోలో, “ఎందుకు చెప్పినవక్కా?” అన్నాను. ఏడుపొస్తోంది నాకు.

“ఎంతకాలమని నీ చున్నీ దిక్కు చూసుకుంట తిరగాలె? మెడలు పోతున్నయి” అని నవ్వి, తర్వాత మెల్లగా అంది. “వినపడకపోవుడు గంత కష్టం లేదే. వినపడ్డట్టు నటించుడే పరేషాన్.”

ఆ సంగతి పాకింది. కొందరు పిలవడం మానేశారు, కొందరు మానలేదు. నా పెళ్లయిన తర్వాత అక్క దుకాణం మూసి పెద్ద అంబర్‌పేట్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు రెండో చెవి కూడా సరిగా లేదట, ఫోన్లో మాట్లాడటం కుదరదు. పాపను చూపించి రావాలని అనుకుంటూనే ఉన్నాను. ఇంత చిన్న పిల్లతో గడప దాటే ధైర్యం చాలడం లేదు.

ఇది రాయడానికి కూర్చోబోయే ముందు మావారు ఫోన్ చేశారు. “అంతా బాగానే ఉంది కదా?” అన్నారు.

“లేదు” అన్నాను. “నాకు చాతనైతలేదు. ఒక్కదాన్నే ఉండాలంటే భయమైతుంది. మీరు రావాలె.”

‘ఏం లేదులే, నిద్ర లేక అట్లన్న’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, ఆయన ఏమంటారా అని ఎదురుచూశాను.