ఇంతవరకే వినబడింది

నవంబరు ఏడు, శుక్రవారం. పొద్దున నేను లేచేసరికి అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసి వంటింట్లో నిలబడి ఉంది. మామూలుగా ఎనిమిదింటికి గానీ రాదు. యూనిఫాం కూడా మార్చుకోలేదు. స్టవ్ వెలిగించకుండానే దాని ముందు నిలబడింది. ఇంత తొందరగా వచ్చావేంటని అడిగితే, "కాక పోయిండు బిడ్డా," అంది. ఎక్కడికి అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తెల్లవారుజామున గుండెలో నొప్పి వస్తే అమ్మ నర్సుగా పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారట. అమ్మ వార్డు నుంచి పరుగెత్తుకుని వెళ్లేసరికి ఆయనకు స్పృహ లేదట.

కాక అంటే బాబాయి, కానీ ఆయన మాకు చుట్టం కాదు. సౌదీలోని తబూక్‌లో మా కింది ఫ్లాటులో ఉండేవాడు. వాళ్లదీ మాదీ జగిత్యాల వైపే. నాన్న రాబిగ్ రిఫైనరీలో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వస్తాడు. అందువల్ల గ్యాసు అయిపోయినా, నాకు జ్వరమొచ్చినా కింది తలుపే తట్టేవాళ్లం. మేం వచ్చిన మొదటి వారంలోనే ఆయన కాక అయ్యాడు, ఆయన భార్య చిన్నమ్మ అయింది.

ఆయన చేసే పని గురించి మీకు చెప్పాలి. కార్లలో పాటలు వినిపించే సెట్లు, దారి చూపించే నావిగేషన్ సెట్లు బిగించే వర్క్‌షాపులో కాక టెస్టరు. కొత్త రకం సెట్టు వస్తే దాన్ని ఒక కారులో బిగిస్తారు. కాక ఆ కారును ఎప్పుడూ ఒకే దారిలో నడిపి, ఏది పనిచేస్తోందో, ఏది లేదో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాకే అలాంటి సెట్లు మిగతా కార్లలోకి వెళతాయి. శుక్రవారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయని గురువారమే కారు ఇంటికి తెచ్చుకునేవాడు. ముందు సీట్లో చిన్నమ్మ, ఆమె ఒడిలో చాయ్ ఫ్లాస్కు. వెనక సీట్లో నేను, నా నోటుపుస్తకం.

నన్ను ఎందుకు తీసుకెళ్లేవాడో చెబితే మీకు నవ్వొస్తుంది. మాటల కోసం.

నాకు తెలుగు మీద పిచ్చి పట్టి రెండేళ్లే అయింది. బడిలో తెలుగు లేదు. ఎక్కడ కొత్త మాట వినబడినా రాసుకుంటాను. ఒకరోజు కాక తన రిపోర్టులో ఒక గడి చూపించి అన్నాడు: "గీ డబ్బాల అందరు నాయిస్ అని రాస్తరు. నాయిస్ అంటే ఏం సమజైతది? గరగర వేరు, బుసబుస వేరు. చిటచిట అంటె వైరు లూజున్నట్టు. డోరు సందుల టకటక అంటె చీల లూజున్నట్టు. జివ్వుమంటె స్పీకర్ల కాయిదం చినిగినట్టు. ముందుగాల మన మాటల రాసుకుంటె, ఎన్క ఇంగ్లీషుల ఏం రాయాల్నో తెలుస్తది."

అలా నా పుస్తకంలో శబ్దాల మాటలకే ఆరు పేజీలు నిండాయి. సగం ఆయన ఇచ్చినవి, సగం చిన్నమ్మ ఇచ్చినవి. చిన్నమ్మ ఇచ్చేటప్పుడు ఒక చురక కూడా అంటించేది. "కట్టుకున్న పెండ్లాం పిలిస్తె ఇనబడది గని, డోర్ల ఉన్న చీల చప్పుడు ఇనబడ్తది ఈయనకు," అనేది. ముగ్గురం నవ్వేవాళ్లం. అప్పటికి అది నవ్వే మాటే.

ఆయన ఏదైనా వివరించేటప్పుడు తొందరపడేవాడు కాదు. స్పీకరు వైర్లు రెండూ అటూ ఇటూ తారుమారైతే ఏమవుతుందని అడిగాను. వర్క్‌షాపులో ఒక ఊడదీసిన స్పీకరు తీసి, దాని వైర్లకు చిన్న పెన్సిల్ సెల్లు ఆనించాడు. టప్పుమని స్పీకరు కాగితం ముందుకొచ్చింది. సెల్లు తిప్పి పెడితే లోపలికి పోయింది. "రెండు స్పీకర్లు ఒక్కసారే ముందట్కి రావాలె. ఒకటి ముందట్కి, ఒకటి ఎన్కకు పోతె పాటల దమ్ముండది. డోలు కొడ్తున్నట్టే ఉంటది గని కడుపుల తాకది."

నావిగేషన్ గురించి చెప్పింది మాత్రం నడిరోడ్డు మీద. పొలాల వైపు వెళ్లే దారిలో ఆకాశం తప్ప ఏమీ లేని చోట కారు ఆపాడు. "పైన తిరిగే ఉపగ్రహం ప్రతిదీ తన టైము చెప్పుకుంట పోతది. ఆ మాట మన దాకా రానీకి ఎంతసేపు పట్టిందో చూసి, అది ఎంత దూరముందో సెట్టు లెక్క కడ్తది. మూడిటితోని మనమున్న జాగ దొరుకుతది. మరి నాలుగోది ఎందుకు కావాలె?"

నేను పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాను.

"మన సెట్టుల ఉన్న గడియారం అగ్గువది, తక్కువ పైసలది. దాని తప్పు దిద్దనీకి."

అండర్‌పాసులో ఆకాశం కనబడదు కదా, అప్పుడెలా అని అడిగాను. "చక్రం ఎన్నిసార్లు తిరిగింది, బండి ఎటు మళ్లింది, అది లెక్కవెట్టుకుంట పోతది. కరెంటు పోయినప్పుడు ఇంట్ల తడుముకుంట స్విచ్చి కాడికి పోతం సూడు, గట్ల. బయటికొచ్చినంక బాణం గుర్తు ఎంత పక్కకు జరిగిందో నేను రాస్తా." ఒకసారి ఒకాయన మ్యాపు పనిచేయడం లేదని కారు తెచ్చి గొడవపడ్డాడట. ఎండ తగలకుండా అద్దాలకు లోహం కలిసిన ఫిల్ము వేయించుకున్నాడు. "ఎండ లోపటికి రావద్దని రేకు తొడిగిండు. ఉపగ్రహం మాట మాత్రం రావాల్నట," అని కాక వారం రోజులు చెప్పుకుని నవ్వాడు.

ఇక నా తప్పు గురించి రాయాలి. రాయవచ్చా అని చిన్నమ్మను అడిగాను. "రాయి. రాయకపోతె ఆయనే ఒప్పుకోడు," అంది.

పోయిన వేసవికి ముందు కాక నన్ను మాటిమాటికీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. "ఎన్కల ఏమన్న ఉన్నదా బిడ్డా?" ఆయనకు అప్పటికే అనుమానం ఉండి ఉంటుంది. వయసు పెరిగితే ముందుగా పోయేవి సన్నటి, పై శబ్దాలేనట. అదే సమయంలో ఒకరోజు చిన్నమ్మ మా వంటింట్లో అమ్మతో అనడం విన్నాను. "చెవులు పోయినయని తెలిస్తె ముదీర్ ఉంచుకుంటడా? ఎగ్జిట్ కొట్టి పంపిస్తడు. ఇరవై రెండేండ్ల నుంచి ఇదే పని. ఊర్ల ఇగ ఏం చేస్తడు?" ముదీర్ అంటే వర్క్‌షాపు మేనేజరు. ఎగ్జిట్ కొట్టడమంటే ఉద్యోగం తీసేసి, వీసా ముగించి ఊరికి పంపేయడం.

ఆ శుక్రవారం కారు వేగం పెంచినప్పుడల్లా వెనక స్పీకర్లలోంచి సన్నగా, ఈలలాగా ఒక శబ్దం వచ్చింది. పెడల్ నొక్కితే పైకి లేస్తోంది, వదిలితే దిగుతోంది. ఎర్తు వైరు సరిగ్గా బిగించకపోతే ఇంజను కరెంటు పాటలోకి చొరబడి అలా వస్తుందని నాకు చెప్పింది ఆయనే.

"ఎన్కల ఏమన్న ఉన్నదా?"

"లేదు కాకా," అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. అదే పద్ధతిలో వైర్లు వేసిన కార్లు బయటికి వెళ్లాయి. కొన్ని వారాలకు అందులో మూడు తిరిగొచ్చాయి. వర్క్‌షాపులో పనిచేసే కుర్ర పాకిస్తానీ ఫిట్టరు కారులో కూర్చుని, "ఉస్తాద్, సీటీ బజ్ రహీ హై," అన్నాడట. ఎంత చెవి ఒగ్గినా కాకకు ఆ ఈల వినబడలేదు.

సాయంత్రం నన్ను కిందికి పిలిచాడు. సోఫాలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ దినం నీకు ఇనబడ్డదా?"

నేను లేచి వెళ్లబోయాను.

"పిల్లను బెదిరిస్తవెందుకు?" అంది చిన్నమ్మ.

"బెదిరిస్తలేనే. అడుగుతున్న."

"వినబడింది," అన్నాను. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పేశాను. ఏడుపొచ్చింది. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తరవాత ఆయన అన్న మాట నా పుస్తకంలో మొదటి పేజీలో ఉంది.

"నా తాన ఉన్న మీటరువు నువ్వొక్కదానివే బిడ్డా. మీటరే నా మీద దయ చూపిస్తె, ఇగ నేను దేన్ని నమ్మాలె?"

మర్నాడు పొద్దున తనే ముదీర్ దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు చిన్నమ్మ పొయ్యి వెలిగించలేదు. నేను బడి నుంచి రాగానే కింది ఇంటికే వెళ్లాను. ఇద్దరం గోడ గడియారం కింద కూర్చున్నాం. చిన్నమ్మ ఆయన పాస్‌పోర్టు కవరు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. నాలుగున్నరకు తాళం తిరిగిన చప్పుడైంది.

"ఏమన్నడు?" అంది చిన్నమ్మ, కూర్చున్న చోటి నుంచే.

"చెవులు పోయినయని చెప్తె కండ్లకు పని ఇచ్చిండు," అన్నాడు కాక. "నావిగేషన్ మొత్తం నాదే. పాటల కాడ నా ఎన్క ఇంకొకలు గూడ ఇనాలె. చెవుల పరీక్షకు పొమ్మన్నడు. జర చాయ్ పెట్టు."

చిన్నమ్మ చాయ్ పెట్టడానికి లేచింది గానీ, వంటింట్లో ఎంతసేపటికీ గిన్నె చప్పుడు కాలేదు. కాక నా వైపు చూసి, "ఇప్పుడు నాకు నిజంగనే ఇనబడ్తలేదా, ఆమె నిజంగనే పెడ్తలేదా?" అని మెల్లగా అడిగాడు.

అప్పటి నుంచి ఆయన ప్రతి రిపోర్టులోనూ ఒక వాక్యం చేర్చేవాడు. పరీక్షకు పెట్టే శబ్దం బొంగురుగా మొదలై సన్నబడుతూ పైకి పోతుంది. తనకు ఆగిపోయిన చోట గీత గీసి, ఇంతవరకే నాకు వినబడింది, పైది వేరొకరు వినాలి అని ఇంగ్లీషులో రాసేవాడు. దాని కింద రెండో మనిషి పేరుకు చోటు వదిలేవాడు. నలుగురు చూసే కాగితం మీద తనకు లేనిదాన్ని గురించి అలా రాసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నేను రాసే వ్యాసాల్లో తెలియనిది వచ్చినప్పుడు అందమైన మాటతో కప్పేయాలనిపిస్తుంది. అలా అనిపించిన చోట ఇప్పుడు పెన్ను ఆపుతున్నాను.

పది రోజులైంది. దేహాన్ని ఊరికి పంపే కాగితాలన్నీ పూర్తయ్యాయి. ఎల్లుండి చిన్నమ్మ ఆయన్ని తీసుకుని ఊరికి వెళుతుంది. నిన్న పాకిస్తానీ ఫిట్టరు ఆయన కళ్లజోడు, టిఫిను డబ్బా ఇచ్చిపోవడానికి వచ్చాడు. ఆ గురువారం కాక ఇంటికి తెచ్చిన కారు తాళం కూడా తీసుకెళ్లాలి. ఆ కారు రిపోర్టు కాక టేబుల్ మీదే ఉంది. గురువారం రాత్రే ఆపి ఉన్న కారులో కూర్చుని విన్నట్టున్నాడు, గీత గీసి ఉంది. రెండో పేరు ఖాళీగా ఉంది.

"నేనే విని రాస్తాను, నాకూ చెవులున్నాయి," అన్నాడు అతను హిందీలో. మళ్లీ తనే, "కానీ ఉస్తాద్ ఈ చోటు ఈ అమ్మాయికి వదిలానని నాతో అన్నాడు," అన్నాడు.

చిన్నమ్మ తాళం అతని చేతిలో పెట్టింది. "నడిపేది నువ్వు. ఇనేది పిల్ల. నేను గూడ వస్త," అంది. పక్కనే ఉన్న అమ్మ ఆ మాటను అతనికి హిందీలో చెప్పింది.

ఆ కారులో ఏ తప్పూ ఉండకూడదని ఇప్పటి నుంచే కోరుకుంటున్నాను. ఆయన చివరి కారు కదా. అలా కోరుకుంటున్నాననీ, రేపు దాన్ని నమ్మకూడదనీ నాకు తెలుసు.

రేపు పొద్దున ఆరింటికి బయల్దేరాలి. చిన్నమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది, అమ్మ నా పక్కన. పొలాల దారిలోకి వెళ్లాక అద్దాలు ఎక్కించి ఏసీ ఆపించమంటాను. ఫిట్టరు భాయిని మెల్లగా వేగం పెంచమంటాను. అప్పుడు నలుగురం మాట్లాడకుండా కూర్చుంటాం.