ఎనిమిది అని రాసుకున్న పిల్లలు

బి.ఎడ్. పూర్తయిన ఏడాది, లెక్కల టీచరు ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పడానికి పుంగనూరు నుంచి మదనపల్లెలోని ఒక ప్రైవేటు బడికి వెళ్లాను. నాన్న మంచాన పడి ఉన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే మాకు ఇల్లు గడవదు.

ఏడో తరగతి. బోర్డు మీద x + 7 = 12 అని రాశాను. "ఏడు అవతలికి పోతే మైనస్ ఏడు మేడమ్!" అని పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. ఎందుకని అడిగితే మళ్లీ అదే అరిచారు. ఏదీ ఎటూ పోదని, రెండు వైపులా ఏడు తీసేస్తేనే సమానంగా ఉంటుందని వివరించాను.

వెనక బెంచీలో కూర్చున్న బడి కరస్పాండెంటు పెద్దగా నవ్వారు. "ఏమ్మా, చిన్న లెక్కను ఇంత సాగదీస్తాండావే! యాల, ఎందుకు అని పరీక్షలో అడుగుతారా? అవతలికి తోస్తే గుర్తు మారతాది, అంతే. సూడు!"

నా చేతిలో సుద్దముక్క లాక్కుని 2x = 10 అని రాశారు. రెండును అవతలికి తోసి, పదిలోంచి తీసేసి, x = 8 అన్నారు. పిల్లలు రాసుకున్నారు.

"సార్, రెండు ఎనిమిదులు పదహారు కదా! ఇక్కడ రెండు వైపులా రెండుతో భాగించాలి. జవాబు అయిదు" అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "ఉద్యోగం అడిగేదానికి వచ్చినావా, నాకు పాఠం చెప్పేదానికి వచ్చినావా? ఇంక పోమ్మా!"

పెద్దలతో మాట్లాడే పద్ధతి తెలియదని నన్ను తీసుకోలేదట. ఇప్పుడు కుప్పంలో పాఠాలు చెబుతున్నా, ఆయన్ను క్షమించలేదు. ఆ రోజు గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. పిల్లల్లో ఒక్కరు కూడా ఎనిమిదిని కొట్టేయలేదు.