ఎల్వీకి కొండంటే భయం

అమెరికాలో ఆరెగాన్ తీరపు కొండల్లో నరికేసిన అడవికి మళ్ళీ మొక్కలు నాటే పనిలో ఎల్వీ కంగాస్ చేరింది పెళ్ళయిన ఏడాదే. నడుముకి మొక్కల సంచీ కట్టుకుని, చేత సన్నపాటి గుద్దలి పట్టుకుని, నిలువుగా లేచిన వాలు మీద మేకలా ఎక్కుతూ పోవడమే పని. ఒక దెబ్బ వేసి, పిడి వంచి, నెర్రెలో ఫర్ మొక్కని జార్చి, మడమతో తొక్కి, ముందుకి.

ఆ మట్టి మొదట్లో ఆమెకి ముద్దొచ్చింది. పైన ఎండిన సూదాకుల పరుపు, దాని కింద టీపొడిలా నల్లగా, పొడిపొడిగా ఉండేది. పిడికిట్లో ఎంత నొక్కినా ముద్ద కట్టేది కాదు. జానెడు దిగితే రాళ్ళు తగిలేవి. మూరెడు దిగితే మట్టికన్నా రాళ్ళే ఎక్కువ. ఇంకాస్త దిగితే, వేళ్ళతో విరిగేంత మెత్తబడిన కొండరాయి. ఆ కింద గుద్దలి ఖణేల్మని మోచేతుల దాకా జిల్లుమనిపించేది. ఎంత వాన పడనీ, పైన చుక్క నీరు నిలిచేది కాదు. బూట్లకి బురదంటదని తోటివాళ్ళు సంబరపడేవారు. ఎల్వీకి మాత్రం రానురాను అదే గుబులైంది. ఇన్ని నీళ్ళూ తాగి ఎక్కడ పెట్టుకుంటోంది ఇది?

ఒకరోజు పాత మొద్దు పక్కన దెబ్బ వేస్తే మణికట్టంత వేరు గుద్దలితోబాటు పైకొచ్చేసింది. పట్టుకుంటే టీలో నానిన రస్కులా చేతిలోనే చిదిమిపోయింది. ముఠా మేస్త్రి మెర్ల్‌కి చూపించింది.

"కుళ్ళిందమ్మా. చెట్టు నరికితే వేరు వెంటనే చావదు. కొన్నేళ్ళు పట్టుకునే ఉంటుంది. ఈ మట్టిని కింది రాతికి కుట్టిన దారాలు అవేగా," అన్నాడు మెర్ల్.

"మరి దారాలు తెగిపోతే?"

"మనం నాటినవి ఎదిగి పట్టుకోవాలి."

"ఎదిగేలోపు?"

మెర్ల్ పొగాకు డబ్బీ కోసం జేబులు తడుముకున్నాడు.

ఎల్వీ ఇల్లు సరిగ్గా అలాంటి బోడికొండ కిందే ఉంది. రెండు వాలుల మధ్య ఇరుకు లోయలో, వాగు ఒడ్డున. పై అడవిని ఆమె కాపురానికొచ్చే ముందే నరికేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో నిలబడి పైకి చూసింది. ఎండుమొద్దులు, మధ్యలో మోకాలెత్తు మొక్కలు. ఇన్నాళ్ళూ చూస్తున్నదే. ఆరోజు మాత్రం మొద్దుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

ఇంట్లో భర్త రైనో, అత్తగారు హిల్యా. రైనో కలప లారీ నడిపేవాడు, నెమ్మదస్తుడు. హిల్యా ఫిన్లండ్ నుంచి పడుచుగా వచ్చి ఈ లోయలోనే ముసలిదైంది. మొగుడు బతికుండగా వాగు ఒడ్డున దుంగలతో కట్టిన ఆవిరిస్నానపు గది, సౌనా, ఆమెకి గుడితో సమానం. శనివారం వచ్చిందంటే పొయ్యి రాజేసి, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ ఆ ఆవిరిలో కూర్చోవాల్సిందే.

ఆ చలికాలంలో ఒకసారి వాన ఎడతెగకపోతే, ఎల్వీ ఉండబట్టలేక ఇద్దర్నీ బయల్దేరదీసి మిట్ట మీదున్న సైమీ ఇంటికి తీసుకుపోయింది. సైమీ భర్త పోయిన మనిషి. పాపం మంచాలు సర్దింది, చేపల పులుసు కాచింది. కొండ కదల్లేదు. తెల్లారి ఎండ కూడా కాసింది.

"మీ కోడలు వానకి భయపడి ఇల్లొదిలి పారిపోయిందటగా?" అని ఊళ్ళో అడిగిన ప్రతివాళ్ళకీ హిల్యా విసుగు లేకుండా చెప్పేది. "అవునమ్మా, నా చేత తడిగుడ్డల్తో కొండెక్కించింది. ఈసారి ఎండకి భయపడి నూతిలో దూకమంటుందేమో." కొట్లో పిండి కొనబోతే కుర్రాళ్ళు, "ఎల్వక్కా, ఇవాళ కొండకి ఒంట్లో ఎలా ఉంది?" అనేవారు. ఎల్వీ నవ్వి ఊరుకునేది. భయం మాత్రం ఊరుకోలేదు. వాన మొదలైతే చాలు, చేతిలో గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయి చెవి రిక్కించేది.

మరుసటేడు నవంబరులో సముద్రం మీంచి వచ్చిన మబ్బు కొండలకి తగులుకుని కదల్లేదు. శనివారం మధ్యాహ్నానికే నాట్లు ఆపేసి మెర్ల్ అందర్నీ ఇళ్ళకి పంపేశాడు. రైనో లారీ వేసుకుని పొద్దున్నే వాగు వంతెన దాటి పోయాడు. ఎల్వీ వచ్చేసరికి సౌనా గొట్టంలోంచి పొగ వస్తోంది. వాగు ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ, అడుగున రాళ్ళు దొర్లిస్తూ పోతోంది. ఆ చప్పుడుకి అరిస్తే తప్ప మాట వినపడదు.

వంటింట్లో తడికోటు విప్పుతుండగా గోడ మీద గడియారం టిక్కుటిక్కుమనడం వినిపించింది.

ఇన్ని రోజుల్లో ఆ గడియారం వినిపించిందే లేదు.

కిటికీలోంచి చూసింది. వాన అలాగే ఉంది. వాగు మాత్రం సన్నగా, కాలవలా ఐపోయింది. బురదలో ఒక చేప కొట్టుకుంటోంది. పైన ఎక్కడో కొండ జారి వాగుకి అడ్డం పడింది. నీళ్ళు దాని వెనక పేరుకుంటున్నాయి. ఎల్వీ ఎలా పరుగెత్తిందో, సౌనా తలుపు తీసేసరికి ఆవిరి మొహాన కొట్టింది.

"అత్తయ్యా, లేవండి! వాగు ఆగిపోయింది!"

పై బల్ల మీద హిల్యా ఒంటి మీద నూలుపోగు లేకుండా, కళ్ళు మూసుకుని కూర్చుంది. "ఆగితే మంచిదేగా, చెవులు చిల్లులు పడుతున్నాయి. తలుపెయ్యి, చలొస్తోంది."

"కొండొచ్చి పడుతుంది అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"పోయినసారీ ఇదే పాట పాడావు. నేను రాను. ఈ వయసులో బరిబత్తలగా ఊరేగుతానా నీ పిచ్చికి?"

చెయ్యి పట్టి లాగితే ముసలామె బల్లని గట్టిగా పట్టుకుంది. ఎల్వీ చెవులు బయటి నిశ్శబ్దం మీదే ఉన్నాయి. అప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"రైనో లారీ లోయలో పడింది. సైమీ ఇంటికి ఫోనొచ్చింది. మిమ్మల్ని రమ్మంటున్నారు."

హిల్యా కళ్ళు తెరిచింది. తువ్వాలు చుట్టుకుందో లేదో, వట్టికాళ్ళతో బయటపడింది. కోడలికన్నా ముందు పరుగెత్తింది. రాళ్ళు కోసుకుంటున్నా ఆగకుండా, "నాయనా, నాయనా" అంటూ మిట్ట ఎక్కేసింది.

సైమీ గేటు దగ్గరికి చేరారో లేదో నేల వణికింది. ముందు వాసన వచ్చింది, పచ్చిమట్టిదీ విరిగిన చెట్ల జిగురుదీ కలిసిన వాసన. తర్వాత లోయ మలుపులోంచి కొండే నడిచొచ్చింది. నీరు కాదది, మట్టీ కాదు. బండలూ మానులూ కలిపి కలియబెట్టిన కాంక్రీటులా, ఇంటెత్తున వచ్చింది. సౌనా గొట్టంలోంచి పొగ వస్తుండగానే లేచి పక్కకి తిరిగి మునిగిపోయింది. పెరటి కొట్టంలో వాళ్ళ ఆవు ఒక్కసారి అరిచింది. కాస్త ఎడంగా ఉన్న ఇల్లు నిలబడింది కానీ బురద కిటికీల్లోంచి లోపలికి దూరింది. కింద వంతెన ఉన్నచోట ఏమీ లేదు.

హిల్యా అటు చూడనే లేదు. సైమీ భుజాలు పట్టుకుని కుదిపింది. "ఎక్కడే నా కొడుకు? ఎవరు చేశారు ఫోను?"

సైమీ తెల్లబోయి ఎల్వీ వంక చూసింది.

"అబద్ధం అత్తయ్యా. మీరు రారని అన్నాను. రైనోకేం కాలేదు."

ముసలామె ఎల్వీ చెంప మీద కొట్టింది. ఒగరుస్తూ, బురద కమ్మిన దారికేసి చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "అయితే వాడెక్కడున్నాడే?"

ఎల్వీకి అప్పుడు పట్టుకుంది అసలు భయం. రైనో తిరిగొచ్చే వేళే అది. వచ్చేది ఆ వంతెన మీంచే. సైమీ ఫోను ఎత్తి చూసింది, పలకలేదు. ఊరికే చెప్పిన మాట వెళ్ళి మొగుణ్ణి తాకిందేమో అనిపించి ఎల్వీ నోరు చేత్తో మూసుకుంది. సైమీ కాఫీ పోస్తే ఎవరూ ముట్టుకోలేదు. అత్తా కోడలూ కిటికీకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చీకటి పడుతుండగా వెనకవైపు గట్టు మీంచి ఒక మనిషి దిగుతూ కనిపించాడు. మోకాళ్ళదాకా బురద. రైనో లారీని అవతలే వదిలి, పాత రైలుకట్ట మీదుగా చుట్టూ తిరిగి నడిచొచ్చాడు. తల్లి అతన్ని తలనుంచి కాళ్ళదాకా తడిమి చూసింది. ఎల్వీ వంగి అతని బురదబూట్ల తాళ్ళు విప్పింది.

ఆ చలికాలమంతా హిల్యా కోడలితో మాట్లాడలేదు. "కాసేపైనా నన్ను కొడుకు పోయిన తల్లిని చేసింది. ఎలా మర్చిపోను?" అనేది సైమీతో. ఎండాకాలంలో మిట్ట మీద కొత్త ఇల్లు కడుతుంటే, ఒకరోజు ఎల్వీకి రొట్టె కోసిస్తూ, "బతికించావు, సరే. మళ్ళీ అలాంటి మాట అన్నావంటే మాత్రం నాలిక కోస్తాను," అంది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

జారిన చోట నాట్లు వెయ్యమని రెండేళ్ళకి మెర్ల్ ముఠాని పంపారు. నాటడానికి అక్కడేముంది, కడిగిన రాయి. వేసిన ప్రతి దెబ్బా ఖణేల్మంది. అంచుల్లో మాత్రం ఎవరూ నాటకుండానే ఆల్డర్ మొక్కలు లేచాయి. ఎల్వీ ఆ బండ మీద కూర్చుని చుట్టూ చూసింది. జారడానికి పిడికెడు మట్టి లేదక్కడ. ఆ కొండల్లో భయం లేకుండా ఆమె అన్నం తిన్నది అక్కడే. తిన్నాక సంచీ నడుముకి కట్టుకుని, మట్టి ఉన్న పక్క వాలు మీదికి, కింద ఎవరి ఇళ్ళున్నాయో చూసుకుంటూ ఎక్కింది.