నాన్నగారి ఇసుక దిబ్బ

అరవైల చివర్లో నాన్నగారు రేపల్లె పాసింజరు దిగి తెనాలిలో మా ఇంటికి వచ్చారంటే, మర్నాడు బాపట్ల ప్రయాణం ఉన్నట్టే. తిరిగొచ్చాక చెప్పులు విప్పి అరుగు మీద కూలబడి, "కాఫీ ఉందా అమ్మాయ్?" అనేవారు. పని అయిందా అని అడగడం నేనెప్పుడో మానేశాను.

బాపట్ల అవతల సముద్రం ఒడ్డున ఒక ఇసుక దిబ్బ ఆయన వాటాకు వచ్చింది. అన్నదమ్ములకు వేమూరు మాగాణి, ఈయనకు ఇసుక! మొహమాటస్థుడికి అంతకంటే ఏం దక్కుతుంది? దిబ్బ వెనక జాలరిపేట ఉంది. ఒక గాలివానలో సముద్రం పైకొస్తే ఆ దిబ్బే అడ్డుపడి పేట మిగిలిందట. చుట్టుపక్కల దిబ్బలు అప్పటికే బళ్లకెక్కి పోతున్నాయి. తన తర్వాత మా పెద్దన్నయ్య దీన్నీ అమ్మేస్తాడని నాన్నగారి బెంగ. ఎప్పటికీ ఎవరూ తవ్వకుండా పంచాయతీ చేత తీర్మానం చేయించాలని పట్టుబట్టారు.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ప్రెసిడెంటు మంచివాడే.

"తవ్వుకుంటానంటే పర్మిషన్ ఇస్తాం బాబాయ్‌గారూ. ఊరికే ఉంచడానికి పర్మిషనేంటండి? ఊరికేగా ఉంది!"

ఏళ్ల తరబడి ఇదే మాట. నాన్నగారు కాళ్లరిగేలా తిరిగారు. చూసి చూసి చివరికి ఆ ప్రెసిడెంటే దారి చెప్పాడు.

"శ్మశానానికని రాసివ్వండి. ఇవాళే తీర్మానం చేస్తాం. శ్మశానం జోలికి ఎవడొస్తాడండి?"

నాన్నగారు సంతకం పెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడితో అయిందా? శ్మశానంగా వాడకపోతే తీర్మానం నిలవదన్నారు. పేటవాళ్లేమో చనిపోయిన తమవాళ్లను అక్కడికి తేమన్నారు.

"మమ్మల్ని బతికించిన దిబ్బండి. దాని మీద శవాన్నెట్టా పెడతాం బాబూ?" అంది ఒక ముసలావిడ, చేపల గంప దించుకుని.

నాన్నగారు తలూపారు. ఆ రోజూ నేను వెంట ఉన్నాను. తిరుగు బస్సులో నాతో, "అయితే నన్నే పెట్టండమ్మా," అన్నారు. ఆయన గొంతులో అంత అలసట నేనెప్పుడూ వినలేదు.

డెబ్బైల మొదట్లో పోయారు. రేపల్లెలో శ్మశానం ఉండగా అంత దూరం ఎందుకని పెద్దన్నయ్య గొడవపడ్డాడు. నేను మొండికేశాను. లారీలో తీసుకెళ్లి దిబ్బ మీదే దహనం చేశాం. కొరివి పెట్టింది అన్నయ్యే. కట్టెలు మోసింది పేటవాళ్లు.

ఏడాది తిరిగాక, ఇసుక బేరగాళ్లను వెంటబెట్టుకుని అన్నయ్య బాపట్ల వెళ్లాడని తెలిసింది. తీర్మానం రద్దు చేయించడం ఎంతసేపు అన్నాడట. రానీ, నాలుగు దులిపేద్దామని కూర్చున్నాను. నిజానికి పోట్లాడే ఓపిక నాకూ లేదు. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, అచ్చం నాన్నగారిలాగే అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్మేశావా?" అన్నాను.

మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నేను కొరివి పెట్టిన చోటది. అక్కడ పార వెయ్యమని నా నోటితో ఎట్టా చెప్పనే?" అన్నాడు.