పదో చప్పుడు

నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కానీ కల్పించి చెప్పేవాణ్ణయితే నన్ను నేను ఇంత తక్కువగా చూపించుకునేవాణ్ణి కాదు... ఆ ఒక్క కారణానికైనా చివరిదాకా వినండి.

వేంపల్లెకు అవతల ఒక కంకర క్వారీలో కూలీలకు జాగ్రత్తలు నేర్పే పని నాది. ఊరికే చెబితే నిద్రపోతారని ల్యాప్‌టాప్‌లో సొంతంగా ఒక క్విజ్ ఆట తయారుచేశాను. ప్రశ్న, కింద మూడు జవాబులు. తప్పు చెబితే గాడిద ఓండ్ర. ఒప్పు చెబితే చప్పట్లు.

చప్పట్లు ఎక్కడినుంచో తేవడం ఎందుకని, మా పదిమంది కూలీలనే వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత ఒక్కసారి కొట్టించి ఫోన్‌లో రికార్డు చేశాను. తొమ్మిది టపటపా పడ్డాయి. పదోది ఖాజా మామది. అందరిలోకీ పెద్దాయన. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. అందరూ అయిపోయాక, ఆలస్యంగా... 'తప్'. తడిబట్ట నేలమీద పడ్డట్టు. బాగాలేదని ఆ ముక్క కోసేశాను.

మరుసటి రోజు మా రేకుల షెడ్డులో ఆట ఆడిస్తుంటే ఆయన వంతు వచ్చింది. "బండలో పెట్టిన తూటాలు పేల్చాక క్వారీలోకి ఎప్పుడు దిగాలి?" నేను పెట్టుకున్న జవాబు: ఇక దిగొచ్చని రెండో సైరన్ మోగాక.

"లెక్క సరిపోయినాక సార్," అన్నాడు. "పది తూటాలు పెడితే పది చప్పుళ్లు వినాల. తొమ్మిదే వినపడినాయంటే ఒకటి యాడో పేలకుండా ఉండాదని. సైరన్‌కేం తెలుస్తాది?"

ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ మాట ఆటలో పెట్టడం మరిచింది నేనే. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "ఆ జవాబు ఇక్కడ లేదు మామా," అని గాడిద బటన్ నొక్కాను. షెడ్డంతా పగలబడి నవ్వింది.

"మామా, నీ తమ్ముడు పిలుస్తాండాడు సూడు!" అన్నాడు కోసిగి నుంచి వలస వచ్చిన ఈరన్న.

ఖాజా మామ కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత నా షెడ్డులో నోరు తెరవలేదు.

నెల తిరక్కముందే... పది పెట్టారు. తొమ్మిది పేలాయి. సైరన్ వేసేవాడు లెక్కపెట్టలేదు. రెండో సైరన్ మోగగానే ఈరన్న దిగాడు. "రేయ్, ఒకటి తక్కువుండాది, పైకి రారా!" అని అరుస్తూ ఖాజా మామ పరుగెత్తాడు. ఈరన్నను అవతలికి తోశాడు. అప్పుడు పేలింది పదోది.

ఈరన్న బతికాడు. ఖాజా మామ బతకలేదు.

"నువ్వు చెప్పినట్లే దిగితి గదా సార్," అన్నాడు ఈరన్న ఆసుపత్రిలో నన్ను చూసి. నింద కూడా కాదు. అడిగాడు, అంతే.

వారం తర్వాత కొత్త కూలీలు రావాలి. ముందు రోజు రాత్రి షెడ్డులో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఎందుకో చెప్పడానికి సిగ్గుగా ఉంది... ఆ ప్రశ్నను తీసేయడానికి. ప్రశ్నే లేకపోతే నా తప్పు ఎవరికీ గుర్తుకు రాదు కదా.

తీసేశాను. ఆట సరిగా నడుస్తోందో లేదో చూద్దామని చప్పట్లు నొక్కాను. తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఏడు... ఎనిమిది... తొమ్మిది.

నిశ్శబ్దం. ఫ్యాను కూడా ఆపేసి ఉంది.

...తప్.

వేలు బటన్ మీదే ఉండిపోయింది. ఫైలు తెరిచి చూశాను. తొమ్మిది చప్పట్ల గీతలు. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. తొమ్మిది. ఊపిరి బిగబట్టాను... చాలాసేపు... తప్.

ఈసారి తెలిసింది. అది ల్యాప్‌టాప్‌లోంచి రావడం లేదు. వెనక వరుసలోంచి. గోడ పక్కన, ఖాజా మామ కూర్చునే చోటి నుంచి.

నొక్కకుండా ఆగి చూశాను. రాలేదు. నేను తొమ్మిది వినిపిస్తేనే అది వస్తోంది.

వాచ్‌మన్ సుబ్బన్న తొంగిచూశాడు. "ఏమప్పా, అట్ల చెమటలు కారుతాండాయి?"

చెప్పాను. నవ్వాడు. "పగలంతా కాలిన రేకులు. రాత్రి సల్లబడితే టక్కుమంటాయిలే."

నొక్కి వినిపించాను. తొమ్మిది. ఆ తర్వాత... తప్.

సుబ్బన్న నవ్వు ఆగింది. పైకప్పు చూశాడు. వెనక వరుస చూశాడు. "రేకులైతే పైనుంచి గదప్పా వినపడాల..." అన్నాడు మెల్లగా. గడప దగ్గర విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

నేను వెళ్లలేదు. ఆ ప్రశ్నను మళ్లీ పెట్టాను. జవాబు మార్చాను. గాడిదను తీసేశాను. పొద్దున కొత్తవాళ్లకు అంతా చెప్పాను... జవాబు ఎవరిదో, గాడిద నొక్కి నవ్వించింది ఎవరో. చెప్పి, చప్పట్లు నొక్కాను. తొమ్మిది. ఎవరూ కదల్లేదు. వెనక వరుస వైపు చూస్తూ ఎదురుచూశాను.

ఏమీ రాలేదు.

ఆయన మనసు చల్లబడిందా... లేక పగటి ఎండ కాబట్టి రేకులు చల్లబడలేదా? తెలుసుకోవడం తేలికే. ఒక రాత్రి ఆ షెడ్డులో కూర్చుని ఆ బటన్ నొక్కితే చాలు.

నాకింకా ధైర్యం రాలేదు.