వాపసు వచ్చిన షాఫ్టులు

2002లో మేడ్చల్ దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. యంత్రాలు కొనడానికి అప్పు అడిగేవాళ్ళ షెడ్డుకు వెళ్ళి, ఆ పని వాళ్ళకు చేతనవుతుందో లేదో చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి కృష్ణా జిల్లా నుంచి వచ్చాను. ఆడమనిషి ఇన్‌స్పెక్షన్‌కు వస్తే, వెనకాల సారెవరైనా దిగుతారేమోనని జీపు వైపు చూసేవారు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాక చూడడం మానేసేవారు.

ఆ వేసవిలో దూలపల్లి మల్లేశం ఫైలు వచ్చింది. రేకుల షెడ్డు, ఉక్కు కడ్డీని తిప్పుతూ చెక్కే రెండు పాత లేత్‌లు, నలుగురు పనివాళ్ళు. ఒక పంపుల కంపెనీకి షాఫ్టులు చేసి ఇస్తాడు. షాఫ్టంటే పంపు లోపల తిరిగే ఉక్కు కడ్డీ. బయటి దేశాల సరుకు మార్కెట్లోకి వచ్చి పడుతుండటంతో కంపెనీ కొలతలు బిగించింది. టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, వెంట్రుక మందంలో సగం కూడా లేదు. దసరాలోగా సి.ఎన్.సి. యంత్రం పెట్టకపోతే ఆర్డరు కోయంబత్తూరుకు ఇచ్చేస్తామని చెప్పేశారు. కొలతలు కంప్యూటరుకు ఇస్తే తనే కోసుకుపోయే యంత్రం అది. మల్లేశానికి తాకట్టు పెట్టడానికి గజం స్థలం లేదు.

నేను వెళ్ళేసరికి షెడ్డుకు కొత్త సున్నం, లేత్‌లకు పసుపు కుంకుమ, పూలదండలు. పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పది షాఫ్టులు పెట్టాడు.

"గివి మేం జేసినవే మేడం."

మైక్రోమీటరుతో రెండు కొసలూ కొలిచాను. పదికి పదీ ఒకే కొలత. లేత్ బెడ్ మీద, అంటే పనిముట్టు జారే పట్టాల మీద, వేలు పెట్టి చూశాను. కడ్డీని బిగించే చక్ దగ్గర అరిగి పల్లంగా తగిలింది. ఇలాంటి లేత్ మీద అలాంటి షాఫ్టు పుట్టదు.

"నా ముందు ఒకటి చెయ్యండి" అన్నాను.

చేశాడు. చెయ్యి చక్కగా ఆడింది. చక్ వైపు కొస మాత్రం కాస్త లావొచ్చింది.

"మరి ఆ పదీ ఎవరివి?"

తల దించుకున్నాడు. "పక్క షెడ్డోళ్ళయి మేడం. అడిగి తెచ్చిన. మావి జూపిస్తే లోన్ రాదన్నరు."

నాకు ఒళ్ళు మండింది. అబద్ధం ఆడినందుకు కొంత, ఈవిడకు ఏం తెలుస్తుందిలే అనుకున్నందుకు ఇంకొంత. ఫైలు మూసి లేచాను.

చేసిన సరుకు కొలిచి కంపెనీకి పంపే పని మల్లేశం భార్య యాదమ్మది. అంతవరకు గోడవారన నిలబడ్డ ఆమె లోపలికి పోయి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చింది.

"లోన్ ఇయ్యకున్న ఇయ్యకపోండ్రి మేడం. దొంగలమని మాత్రం రాయకుండ్రి. కంపెనీ వాపస్ పంపినయి ఒక్కటి గూడ పారెయ్యలే. జర చూసి పోండ్రి."

ప్రతి షాఫ్టుకూ దారంతో ఒక చీటీ. ఏ రోజు చేసింది, ఏ కొస ఎంత తేడా వచ్చింది. నేల మీదే కూర్చుని ఒక్కొక్కటీ కొలిచాను. ఆమె రాసిన కొలత ఒక్కటీ తప్పలేదు. ఇంకో సంగతి కూడా కనబడింది. అన్నీ చక్ వైపే లావు, దాదాపు ఒకే పాటి. చెయ్యి తప్పితే ఒక్కోటి ఒక్కో తీరుగా తప్పుతుంది. అన్నీ ఒకేలా తప్పాయంటే దోషం అరిగిన బెడ్‌ది. అతని చేతిలో ఏ లోపమూ లేదు.

"వీటినెందుకు దాచారు మల్లేశం గారూ?"

"చెడిపోయినయి బ్యాంకోళ్ళకు ఎవలన్న జూపిస్తరా మేడం?"

రిపోర్టులో పక్క షెడ్డు షాఫ్టుల సంగతీ రాశాను, గోనెసంచి సంగతీ రాశాను. మా మేనేజరు గారు చదివి కళ్ళజోడు తీశారు. "అబద్ధమాడాడని మీరే రాసి, అప్పివ్వమని మీరే అంటే ఎట్లా అమ్మా?"

"అబద్ధం ఒక్క పూట ఆడాడు సార్. ఆ చీటీలు రెండేళ్ళుగా రాస్తున్నారు."

తాకట్టు లేని చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ గ్యారంటీ మీద అప్పిచ్చే పథకం అప్పటికి కొత్త. మా బ్రాంచిలో దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. ఆ కాగితాలు పట్టుకుని రీజినల్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ఒకసారైతే గట్టిగానే వాదించాను.

దసరాకు పది రోజుల ముందు యంత్రం దిగింది. తలుపు పట్టక గోడ పగలగొట్టి లోపలికి చేర్చారు. మొదటి లాటు పంపిన వారానికి మొగుడూ పెళ్ళాలు బ్రాంచికొచ్చారు. యాదమ్మ కంపెనీ ఇన్‌స్పెక్షన్ కాగితం నా టేబుల్ మీద పెట్టింది.

"ఒక్కటి గూడ వాపస్ రాలే మేడం."

ఆ కాగితం పట్టుకుని నేరుగా మేనేజరు గదిలోకి నడిచాను. ఆ నడకలో గర్వం లేదంటే అబద్ధమే అవుతుంది.

అప్పటినుంచి ఏ షెడ్డుకు వెళ్ళినా ముందు పాడైన సరుకు చూపించమనేదాన్ని. కొత్తగా చేరిన ఆఫీసర్లకూ అదే నేర్పాను. ఆ రోజు ఫైలు మూసి జీపెక్కి ఉంటే నన్నెవరూ తప్పు పట్టేవారు కాదు. రూలు నా పక్షానే ఉండేది. దూలపల్లిలో ఒక షెడ్డుకు మాత్రం తాళం పడేది.